‘డ్రై’ దగ్గర ఆగిపోయిన నర్సు: ఒక కేస్ స్టడీ

ఈ కేస్‌లో విద్యార్థిని ఒక నర్సు. ఊరు నరసాపురం దగ్గర, చదువు బీఎస్సీ నర్సింగ్, ఉద్యోగం భీమవరంలో ఒక ప్రైవేట్ ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో. ఇంగ్లండ్ వెళ్లాలని ఓఈటీ పరీక్షకు తయారవుతూ నా దగ్గరికి వచ్చింది. నేను పాలకొల్లులో నర్సులకీ ఫిజియోథెరపీ చదివినవాళ్లకీ ఆ పరీక్ష ఇంగ్లిష్ చెబుతుంటాను. ఇదంతా రాయడానికి ఆమె ఒప్పుకుంది, పేరు మాత్రం వద్దంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఓఈటీ అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్ల కోసమే పెట్టిన ఇంగ్లిష్ పరీక్ష. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, నాలుగూ ఉంటాయి. రాయడంలో ఒక పేషంట్ కేస్ నోట్స్ ఇస్తారు, 45 నిమిషాల్లో (అందులో మొదటి 5 చదువుకోవడానికే) ఇంకో డాక్టరుకో నర్సుకో 180 నుంచి 200 పదాల ఉత్తరం రాయాలి. మాట్లాడటంలో రెండు రోల్‌ప్లేలు, ఒకళ్లు పేషంట్‌గా కూర్చుంటారు, మనం నర్సులా మాట్లాడాలి. గ్రామర్ బట్టీ కొట్టినవాళ్లు ఇక్కడ గట్టెక్కరు. ఎందుకంటే కేస్ నోట్స్‌లో వాక్యాలుండవు, ముక్కలుంటాయి, ఆ ముక్కల్లో పెద్ద పెద్ద మెడికల్ మాటలు ఎవరికీ అడ్డం పడవు, అడ్డం పడేవి చిన్న మాటలే.

ఈమెకి అడ్డం పడింది ‘డ్రై’. మూడో తరగతి పిల్లాడికి కూడా వచ్చిన మాట అది, అందుకే దాన్ని డిక్షనరీలో ఎవరూ వెతకరు.

ప్రాక్టీసు కోసం నేను తయారు చేసిచ్చిన నోట్స్‌లో పేషంట్ యాభై దాటిన మగమనిషి, తాగుడు వల్ల లివర్ పాడైంది, కడుపులో నీరు చేరింది. సోషల్ హిస్టరీ కింద ఒక లైన్: ‘డ్రై ఫర్ సిక్స్ మంత్స్’. ఆరు నెలలుగా మందు ముట్టలేదని దాని అర్థం. ఆమె ఉత్తరంలో ఏం రాసిందంటే, పేషంట్ ఆరు నెలలుగా డీహైడ్రేషన్‌తో బాధపడుతున్నాడు, ద్రవపదార్థాలు ఎక్కువ ఇవ్వగలరు అని. కడుపులో నీరు చేరిన మనిషి గురించి! ఆ పక్క లైన్లోనే కాళ్లవాపులు కూడా తనే రాసింది. ఆరు నెలలు డీహైడ్రేషన్‌తో ఎవరూ బతకరని నర్సుగా ఆమెకి నాకన్నా బాగా తెలుసు, కానీ పేపర్ మీద ఇంగ్లిష్ కనబడగానే నర్సు పక్కకి తప్పుకుని స్కూల్ పిల్ల వచ్చి కూర్చుంటుంది. నాకిది చాలామంది దగ్గర కనబడుతుంది. మొత్తానికి, మనిషి మందు మానేశాడన్న అసలు సంగతే ఉత్తరంలోంచి మాయమైంది. లివర్ కేస్‌లో దానికన్నా ముఖ్యమైన విషయం ఏముంటుంది?

ఇది ఒక్క చోట జారిన కాలా, అసలు మాట మీదే పట్టు లేదా అని చూడాలి కాబట్టి ‘డ్రై’తో కొన్ని చిన్న వాక్యాలు ఇచ్చి తెలుగులో చెప్పమన్నాను. డ్రై కాఫ్ అంటే పొడి దగ్గు అని ఠక్కున చెప్పింది. డ్రై టోస్ట్ అంటే ఎండబెట్టిన బ్రెడ్డు, రస్కు లాంటిది అంది (కాదు, వెన్న రాయని టోస్ట్). డ్రై వైన్ అంటే కాస్త ఆలోచించి, పౌడర్‌గా అమ్ముతారేమో, నీళ్లలో కలుపుకుంటారేమో అంది. డ్రై కౌ అంటే ఎండిపోయిన ఆవు, తిండి లేక బక్కచిక్కిపోయింది. డ్రై హ్యూమర్ అంటే బోరు కొట్టే జోకు. వార్డులో డ్రై ట్యాప్ అంటే నీళ్లు రాని కుళాయి, మెయింటెనెన్స్ వాళ్లకి ఫోన్ చెయ్యాలి. నిజానికి వెన్నులోంచో ఎముకలోంచో ద్రవం తీద్దామని సూది పెడితే ఏమీ రాకపోవడాన్ని డ్రై ట్యాప్ అంటారు. కుళాయి జవాబు అర్థానికి దగ్గరగానే ఉందని గమనించండి.

చివర్లో అడిగింది డ్రై వెయిట్. ఆమె రోజూ వాడే మాట. ఇంగ్లిష్‌లో చెప్పమంటే ‘వెయిట్ ఆఫ్ ద పేషంట్ ఆఫ్టర్ డ్రైయింగ్’ అంది, పేషంట్‌ని ఆరబెట్టాక బరువు అన్నట్టు. సరే, ఇంగ్లిష్ వదిలెయ్యమ్మా, కొత్తగా చేరిన సిస్టర్‌కి తెలుగులో చెబుతున్నట్టు చెప్పు అన్నాను. అప్పుడు చూడాలి.

‘కిడ్నీలు పనిచెయ్యవు కదండీ మేడం, తాగిందంతా ఒంట్లోనే ఉండిపోద్ది. రాగానే బరువు చూస్తాం. డ్రై వెయిట్ అరవై అనుకోండి, అరవై మూడొచ్చిందంటే మూడు లీటర్లు ఎక్కువున్నట్టు, అది మెషిన్ మీద తీసేస్తాం. మరీ లాగేశామనుకోండి, బీపీ పడిపోద్ది, పిక్కలు పట్టేస్తాయి. తక్కువ తీస్తే వాపులూ ఆయాసం. మళ్లీ ఆయన బాగా తింటం మొదలెట్టి కండ పట్టాడంటే ఆ అరవైని పెంచాలండి, లేకపోతే కండని కూడా నీరనుకుని లాగేస్తాం.’

ఇంత బాగా చెప్పే టీచర్లు నర్సింగ్ కాలేజీల్లో ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే. విషయం పూర్తిగా తెలుసు, మాటా తెలుసు, రెండింటికీ మధ్య దారే లేదు. ఆమెకి డ్రై వెయిట్ అనేది ఒక కేస్ షీట్ గడి పేరు, అందులో ‘డ్రై’ ఒక మాట అని ఎప్పుడూ అనిపించలేదు.

నా నిర్ధారణ ఇది. స్కూల్లో ‘డ్రై’ అంటే ‘ఎండిన’ అని రాయించారు, ఆ ఒక్క తెలుగు మాట బుర్రలో తిష్ట వేసింది. కానీ ‘డ్రై’కి తెలుగులో ఒక్క మాట సరిపోదు, కనీసం నాలుగు కావాలి, ఆ నాలుగూ ఒకదాని పనిలో ఒకటి వేలు పెట్టవు. ఎండు అంటే ఒకప్పుడు పచ్చిగా ఉండి తర్వాత నీరు పోయినది: ఎండు చేప, ఎండు మిరప, ఎండు కొబ్బరి. పొడి అంటే ఇప్పుడు తడి లేనిది, ఒకప్పటి సంగతి దానికి అనవసరం: పొడి బట్ట, పొడి చర్మం, పొడి దగ్గు. మెట్ట అంటే నీటిపారుదల లేని భూమి. భూమి కాగితాల ఇంగ్లిష్‌లో డ్రై, వెట్ అని రాస్తే మన వాడుకలో మెట్ట, మాగాణి, లేదా పల్లం. ఆ డ్రై భూమి మీద జూలైలో కుండపోతగా వాన కురిసినా అది డ్రైనే.

నాలుగోది వట్టి. ఈ కేస్ అంతా తిరిగింది దీని మీదే.

గేదె పాలివ్వడం మానేస్తే మనం ఎండిపోయింది అనం, వట్టిపోయింది అంటాం. కూర లేని అన్నం వట్టన్నం. ఏమీ తేకుండా వస్తే వట్టి చేతులు. తెలంగాణలో ఎండు చేపల్నే ఒట్టి చేపలంటారు, ఎండబెట్టిన మాంసాన్ని ఒట్టి తునకలంటారు, అంటే నీరు ఇంకిపోవడం, ఖాళీ అయిపోవడం, రెండూ ఈ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఇంగ్లిష్ ‘డ్రై’ నడిచేది కూడా సరిగ్గా ఈ దారిలోనే. అక్కడ ఉండాల్సింది, ఉంటుందని మనం అనుకునేది లేకపోతే డ్రై. ఆవుకి పాలు, టోస్ట్‌కి వెన్న, వైన్‌కి తీపి (ద్రాక్షరసంలో చక్కెర దాదాపు అంతా పులిసి ఆల్కహాల్ అయిపోతే మిగిలేది డ్రై వైన్), దగ్గుకి కళ్లె, సూదికి ద్రవం. విమానం లీజుకిచ్చేవాళ్లు సిబ్బంది లేకుండా వట్టి విమానం ఒక్కటే ఇస్తే దాన్ని డ్రై లీజ్ అంటారు, నీళ్లకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

అయితే ఈ సూత్రాన్ని నేను ఆమెకి ముందే చెప్పలేదు. చెప్తే నోట్‌బుక్‌లో రాసుకుని అండర్‌లైన్ చేసుకుంటుంది, అక్కడితో అయిపోతుంది. అక్టోబర్ 2న వైన్ షాపుల మీద ఏం బోర్డు పెడతారని అడిగాను. ‘డ్రై డే అండి.’ ఆ రోజు వాన పడితే? నవ్వింది. ‘పడినా డ్రై డేనే కదండీ.’ మరి ఏది లేదు ఆ రోజు? ‘మందు.’ 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం పెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ మొత్తం డ్రై స్టేట్, మన డెల్టా మధ్యలోనే ఉన్నా పుదుచ్చేరి కిందికొచ్చే యానాం మాత్రం కాదు, 1997లో ఎత్తేసేదాకా ఇదే కథ. ఈ కబుర్లు వాళ్లింట్లో పెద్దవాళ్లు ఆమెకి చెప్పే ఉన్నారు. అక్కడి నుంచి ‘డ్రై ఫర్ సిక్స్ మంత్స్’ దాకా నేను చెయ్యి పట్టుకుని నడిపించక్కర్లేకపోయింది. తన ఉత్తరం తీసి ఆ లైన్ చూసుకుని ‘ఛీ, డీహైడ్రేషన్ అని రాశానండీ’ అని తనే కొట్టేసింది.

ఆ తర్వాత మేం ఎక్కువ సేపు కూర్చున్నది ఎదురుపదాల మీద. విశేషణాలు నేర్పేటప్పుడు నాకు అన్నిటికన్నా నమ్మకమైన పనిముట్టు ఇదే: అర్థం అడగకు, దానికి వ్యతిరేకం అడుగు. ‘డ్రై’కి ‘వెట్’ అని అందరూ చెబుతారు, అది నాలుగైదు చోట్లే పనిచేస్తుంది. డ్రై వైన్‌కి ఎదురు స్వీట్. డ్రై కాఫ్‌కి ఎదురు ప్రొడక్టివ్ కాఫ్ (కళ్లె పడే దగ్గు), వెట్ అని కూడా అంటారు కానీ కేస్ నోట్స్‌లో మొదటిదే ఎక్కువ కనబడుతుంది. డ్రై స్కిన్‌కి ఆయిలీ. డ్రై టోస్ట్‌కి బటర్డ్. డ్రై ఫిష్‌కి ఫ్రెష్. డ్రై రన్‌కి రియల్, అంటే రిహార్సల్‌కి ఎదురు అసలు పని. డ్రై ల్యాండ్‌కి ఎదురు ఎవరు మాట్లాడుతున్నారన్న దాన్ని బట్టి మారుతుంది, రైతుకైతే మాగాణి, సరంగుకైతే సముద్రం. ఎదురుపదం మారిందంటే అర్థం మారినట్టే, ఇంకో రుజువు అక్కర్లేదు. ఆమె చేత పెద్ద పట్టిక రాయించలేదు, డ్యూటీలో కనబడ్డ ప్రతి ‘డ్రై’కీ ఎదురుపదం ఆలోచించి సాయంత్రం వాట్సాప్‌లో పెట్టమన్నాను. డ్రై డ్రెస్సింగ్, డ్రై మౌత్, ఒక చంటిపిల్లాడి విషయంలో డ్రై డయపర్, ఇలా వచ్చాయి. ‘డ్రై ఐస్‌కి ఏం రాయాలండీ’ అని ఒక రాత్రి అడిగింది. గట్టిపడ్డ కార్బన్ డయాక్సైడ్ అది, మైనస్ 78.5 డిగ్రీల దగ్గర కరక్కుండా నేరుగా ఆవిరైపోతుంది, మామూలు ఐసు కరిగితే వచ్చే తడి దీనికి రాదు, అందుకని డ్రై.

డ్రై వెయిట్ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఆమె అడిగిన ప్రశ్న బాగుంది: డ్రై వెయిట్‌లో ఉన్న పేషంట్ ఒంట్లో కూడా నీరుంటుంది కదా, బరువులో దాదాపు సగమో అంతకన్నా ఎక్కువో నీరే కదా, మరి డ్రై ఎలా అయింది? దీనికి జవాబు వాళ్ల నాన్నగారి ధాన్యం దగ్గర దొరికింది. కోత అయ్యాక రోడ్డు మీద ఆరబోసి, కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే తేమ మీటరు పెట్టి చూస్తారు, 17 శాతం దాటితే ఇంకా ఆరాలంటారు. 17 వచ్చిందంటే అది ఆరిన ధాన్యమే, అందులో 17 శాతం నీరున్నా సరే. అంటే ‘డ్రై’ సున్నా కాదు, ఒక గీత. ఆ గీత ఎక్కడ గీయాలో ఆ పని చేసేవాళ్లు నిర్ణయిస్తారు, ధాన్యానికొక చోట, కిడ్నీ పేషంట్‌కి ఒక చోట, ఆ పేషంట్‌కే వచ్చే నెల ఇంకో చోట. రోల్‌ప్లేలో ఆమె పేషంట్‌కి చెప్పిన ఇంగ్లిష్‌ని తెలుగులో పెడితే దాదాపు ఇలా ఉంటుంది: ‘మీ ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు మీరుండే బరువు ఇది. నీరు అస్సలు లేదని కాదు, ఎక్కువ లేదని.’ మొదటి రోజు చెప్పిన ‘ఆఫ్టర్ డ్రైయింగ్’ పక్కన దీన్ని పెట్టి చూసుకోండి.

మధ్యలో ఒక పిట్టకథ. ఇంగ్లిష్‌లో డ్రై, డ్రాట్ (అంటే కరువు), డ్రెయిన్, మూడూ ఒకే మూలం నుంచి వచ్చినవే. డ్రెయిన్ అన్నది మన డెల్టాలో ఇంగ్లిష్ మాట అని కూడా ఎవరికీ గుర్తుండదు. భీమవరం వాళ్లకి యనమదుర్రు డ్రెయిన్ పుట్టినప్పటి నుంచీ తెలుసు. డయాలసిస్ మెషిన్‌కీ డ్రెయిన్ లైన్ ఉంటుంది. నీటిని బయటికి పంపేది డ్రెయిన్, పంపాక మిగిలేది డ్రై. ఈ ముక్క పరీక్షకి పనికిరాదు, కానీ చెప్పినప్పుడు ఆమె మొహం వెలిగింది కాబట్టి రాస్తున్నాను.

ఇక ఈ పద్ధతి ఎక్కడ పనిచెయ్యలేదో కూడా చెప్పాలి, లేకపోతే ఇది కేస్ స్టడీ కాదు, ప్రకటన అవుతుంది.

ఏది లేదు అని అడిగితే అర్థం వస్తుంది, కానీ లేకపోవడం మంచిదా చెడ్డదా అన్నది రాదు. ఆపరేషన్ కుట్లు డ్రైగా ఉంటే మంచిది, నోరు డ్రైగా ఉంటే చెడ్డది. పక్క తడిపే పిల్లాడికి డ్రై నైట్స్ వస్తున్నాయంటే తల్లికి పండగ. కళ్ల డాక్టర్ డ్రై ఐజ్ (కళ్లు) అంటే జబ్బు, మామూలు కబుర్లలో డ్రై ఐజ్ అంటే ఏడవలేదని. డ్రై లెక్చర్‌లో లేనిది ఆసక్తి, అది తిట్టు. డ్రై హ్యూమర్‌లో లేనిది నవ్వించేవాడి మొహంలో నవ్వు, అది మెచ్చుకోలు. పక్కనున్న నామవాచకాన్ని బట్టి తేల్చుకోవాలి తప్ప దీనికి అడ్డదారి లేదు. ‘హై అండ్ డ్రై’ లాంటి జాతీయాలు మరీను. అంతర్వేది దగ్గర పాటుకి నీరు వెనక్కి పోతే ఇసక మీద చిక్కుకుపోయిన పడవ ఆమె చూసినదే కాబట్టి బొమ్మ అర్థమైంది, కానీ దాని అర్థం దిక్కులేకుండా వదిలేయడం అన్నది ప్రశ్నలు వేస్తే వచ్చేది కాదు, విడిగా నేర్చుకోవాల్సిందే. పక్కన ఆఫ్, అవుట్, అప్ చేరితే ఇంకో గొడవ. పశువుని ‘డ్రై ఆఫ్’ చెయ్యడమంటే ఈనడానికి సుమారు రెండు నెలల ముందు పాలు తియ్యడం ఆపడం, ‘డ్రై అవుట్’ అంటే తాగుబోతు మందు మానిపించుకోవడం, ‘డ్రై అప్’ అంటే మాట్లాడుతూ మాట్లాడుతూ మాటలు రాక ఆగిపోవడం. ఇంగ్లండ్‌లో అయితే కడిగిన గిన్నెలు తుడవడం కూడా డ్రై అప్పే. వీటికి బట్టీయే గతి, నాకు వేరే మార్గం కనబడలేదు.

డ్రై హ్యూమర్ సంగతి విడిగా చెప్పాలి. అర్థం చెప్పగానే ఆమె ఒక ఉదాహరణ ఇచ్చింది. ఒక ఏడాది సార్వా చేను ఈనిక దశలో మునిగిపోయి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి అందరూ మొహాలు వేలాడేసుకుంటే వాళ్ల మావయ్య కండువా దులుపుకుంటూ ‘మొత్తానికి ఈ ఏడు నీటికి ఇబ్బంది లేదు’ అన్నాడట, మొహంలో ఒక్క గీత కదలకుండా. ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు దొరకలేదు. గోదావరి వాళ్లకి వెటకారం నేర్పక్కర్లేదు, కానీ మన వెటకారంలో సగం రాగంలో ఉంటుంది, సాగదీస్తాం, పెదవి విరుస్తాం, వినేవాడికి తెలిసిపోతుంది. ఆ రాగం తీసేస్తే మిగిలేది డ్రై. ఇదంతా ఆమెకి అర్థమైంది, అయినా లిజనింగ్ ప్రాక్టీసులో ఒక ముసలి పేషంట్ ‘ఈ ఆసుపత్రి భోజనం కోసమే మళ్లీ జబ్బు పడాలనుంది’ అని చదునైన గొంతుతో అంటే, పేషంట్‌కి భోజనం నచ్చింది అని రాసుకుంది. తెలుగు గొంతులో వెంటనే పట్టేది ఇంగ్లిష్ గొంతులో పట్టలేకపోతోంది. గొంతు వింటూ వింటూ పట్టుకోవాల్సిందే, దీనికి క్లాసులో చెప్పగలిగింది తక్కువ.

పరీక్ష రాసింది. ఇంగ్లండ్ నర్సింగ్ కౌన్సిల్ చదవడం, వినడం, మాట్లాడటంలో బి గ్రేడ్, రాయడంలో సి ప్లస్ అడుగుతుంది. రాయడం, చదవడం, మాట్లాడటం దాటింది, వినడంలో సి ప్లస్ దగ్గర ఆగింది. మళ్లీ కట్టాలి, ఫీజు తక్కువేం కాదు, అందుకని టెన్షన్ పడుతోంది. కాలువలు కట్టేసే వేసవి రోజుల్లో నాన్నగారికి చేలో పని ఉండదు, ఆమెని పొద్దున్నే బండి మీద దింపుతారు, డ్యూటీకి ముందు గంటసేపు కూర్చుంటాం. ఇప్పుడు వినిపిస్తున్నవి ఎక్కువగా లాంకషైర్, యార్క్‌షైర్ వైపు ముసలివాళ్ల మాటలు, ఎందుకంటే గొంతు మార్చకుండా జోకు వేసేవాళ్లు అక్కడ బాగా దొరుకుతారు. ప్రతి క్లిప్ తర్వాత ఒకటే అడుగుతున్నాను: ఈ మాట మీ మావయ్య అని ఉంటే నువ్వు నవ్వేదానివా, లేదా?